పిడుగుకు వేరే మంత్రం

తుపాను ఎక్కడ తీరం దాటుతుందో రోజుల ముందే చెప్పగలుగుతున్న కాలమిది. జీడితోటలో పిక్కలు ఏరుకునే మనిషి నెత్తిన పడబోయే పిడుగు సంగతి మాత్రం అరగంట ముందు తెలిస్తే గొప్ప. ఆ అరగంటను ఉత్తరాంధ్ర పల్లెలు ఎలా వాడుకోవాలి?

ఏప్రిల్ నెలాఖరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కల కాలం. తెల్లారకుండానే తోటకు వెళ్ళినవాళ్ళు పొద్దెక్కాక ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని, ఎండ కాస్త వాలగానే మళ్ళీ బుట్ట పట్టుకుని బయల్దేరతారు. రాలిన పండును పట్టుకుని మెలిపెడితే పిక్క ఊడివస్తుంది. పిక్క బుట్టలోకి, పండు చెట్టు మొదట్లోకి. వంచిన నడుం ఎత్తకుండా చేసే పని అది. అందుకే పడమట మహేంద్రగిరి వైపు ఏం జరుగుతోందో వెంటనే కంటపడదు. మధ్యాహ్నం దాకా దూదిపింజల్లా ఉన్న మబ్బులు మూడయ్యేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా లేస్తాయి. అడుగు నల్లబడుతుంది. అంతసేపూ ఊపిరాడనివ్వని ఉక్కపోత ఒక్కసారిగా తెగి, చల్లగాలి ఒకటి వచ్చి ఆకులను తిరగేస్తుంది.

“మబ్బెక్కీసింది అత్తా, ఇంటికెల్లిపోదుం!”

“ఉండవే, ఈ సెట్టు కిందవి ఏరీసి వొచ్చెత్తాను.”

ఏటా ఎండాకాలంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పోయే ప్రాణాల్లో చాలావాటి వెనక ఇలాంటి చిన్న మాటే ఉంటుంది. ఇంకొక్క చెట్టు. ఇంకొక్క మడి. గొర్రెలను గట్టు దాటించి వచ్చేస్తాను. కళ్ళంలో ధాన్యం మీద పరదా కప్పి వచ్చేస్తాను. చిన్నప్పుడు ఉరుము వినబడగానే మా ఇంట్లో పెద్దవాళ్ళు “అర్జునా ఫల్గుణా” అనుకునేవారు. పిల్లలం కూడా గొంతు కలిపేవాళ్ళం. ఆ మాట ధైర్యాన్నిచ్చేది. ఈ రోజుల్లో ధైర్యంతో పాటు సమాచారం కూడా చేతికందే వీలుంది. అందిన సమాచారం ప్రాణాన్ని కాపాడే దాకా ఎందుకు వెళ్ళడం లేదన్నదే ఈ కథనం.

పదమూడు గంటలు, 36,749 పిడుగులు

2018 ఏప్రిల్ 24. ఆ ఒక్క రోజు పదమూడు గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పినప్పుడు ప్రపంచ పత్రికలు కూడా ఆ వార్త వేసుకున్నాయి. సగటున నిమిషానికి 47. లెక్క తెలిసిందంటే, పిడుగును పట్టుకునే సెన్సర్లు అప్పటికే మన నేల మీద పనిచేస్తున్నాయన్నమాట. పసిగట్టే కన్ను ఉంది. ఆ వారంలో పోయిన ప్రాణాలూ ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీయే మన అసలు సమస్య.

దేశం మొత్తం మీద చూస్తే జాతీయ నేర గణాంకాల సంస్థ వివరాల ప్రకారం 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది పిడుగుపాటుకు బలయ్యారు. 2022లో ప్రకృతి వైపరీత్యాల వల్ల చనిపోయిన ప్రతి వందమందిలో దాదాపు 36 మందిని తీసుకుపోయింది పిడుగే. తుపాను, వరద, భూకంపం ఏవీ దీని దరిదాపుల్లోకి రాలేదు. అయినా పిడుగుకు తుపానుకున్న పేరు లేదు. తుపాను ఒకేసారి వందల గ్రామాల మీద పడుతుంది. పిడుగు ఒక్కొక్కరిగా తీసుకుపోతుంది. ఒక గొర్రెల కాపరి, ఒక కూలి మనిషి, ఒక బడిపిల్లవాడు. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త. అంతటితో సరి.

మన నెత్తినే ఎందుకు?

ఉత్తరాంధ్ర పటం చూస్తే సగం జవాబు దొరుకుతుంది. తూర్పున బంగాళాఖాతం, పడమట తూర్పు కనుమలు, మధ్యలో సన్నని మైదానం. ఉరుముల మేఘానికి మూడు సరుకులు కావాలి: కింద తేమ, పైన చల్లని పొడిగాలి, ఆ తేమను పైకి తోసే బలం. వేసవిలో సముద్రం మీంచి దక్షిణపు గాలి తేమను మోసుకొస్తుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా పీఠభూముల మీంచి పొడిగాలి పై ఎత్తుల్లో వస్తుంది. ఈ రెండూ కలిసే చోటు ఒక గీతలా మధ్య భారతం నుంచి తమిళనాడు దాకా సాగుతుంది. రేడియోలో, టీవీలో మనం రోజూ వినే “ద్రోణి” అదే. మధ్యాహ్నానికి నేల కాగి గాలి పైకి లేస్తుంది, కొండవాలు దానికి మరో తోపు ఇస్తుంది. అందుకే మన మేఘాలు మన్యం కొండల మీద పుట్టి, పైగాలి తోసిన వైపు, అంటే సాయంత్రానికి తీరం వైపు కదులుతాయి. బెంగాల్, ఒడిశాల్లో వీటిని కాలవైశాఖి అంటారు. ఆ కాలవైశాఖి దక్షిణపు కొస మన జిల్లాలను తాకుతుంది.

ఇలా పెరిగే క్యుములోనింబస్ మేఘం పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఎవరెస్టు శిఖరం ఎత్తు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదని గుర్తు తెచ్చుకుంటే ఆ గోపురం ఎంతటిదో ఊహకందుతుంది. లోపల మంచు రేణువులు, మెత్తని వడగళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. తేలిక రేణువులు ధనావేశంతో పైకి పోతే, బరువైనవి రుణావేశంతో కింద చేరతాయి. ఆ తేడా భరించలేనంత పెరిగినప్పుడు మేఘంలోనో, మేఘానికీ నేలకూ మధ్యనో విద్యుత్తు దూకుతుంది. ఆ దారిలో గాలి సుమారు 30 వేల డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ చప్పుడే ఉరుము.

పుట్టడం నుంచి కురిసి చావడం దాకా ఒక మేఘం ఆయుష్షు గంట, గంటన్నర. దీన్ని ముందుగా చెప్పడం ఎంత కష్టమో ఆ లెక్కలోనే ఉంది. తుపాను రోజుల తరబడి సముద్రం మీద తిరుగుతూ ఆనవాళ్ళు ఇస్తుంది. ఉరుముల మేఘం పొద్దున్న లేనే లేదు.

మూడు మెట్ల జోస్యం

అందుకే వాతావరణ శాస్త్రవేత్తలు దీన్ని మెట్లు మెట్లుగా పట్టుకుంటారు.

మొదటి మెట్టు రోజుల ముందుది. కంప్యూటర్ నమూనాలు దేశాన్ని గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి ఎలా మారతాయో లెక్కకడతాయి. 2025 మేలో భారత వాతావరణ విభాగం చేతికొచ్చిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ గడి వెడల్పు 6 కిలోమీటర్లు. అంతకుముందు వాడినది 12 కిలోమీటర్లు. “రేపు ఉత్తరకోస్తాలో ఉరుములు, మెరుపులతో వర్షాలు” అన్న మాట ఈ మెట్టు నుంచి వస్తుంది. ఆరు కిలోమీటర్ల గడిలోనూ ఏ తోట మీద పడుతుందో కనబడదు. ఫలానా పూట జాగ్రత్త అని మాత్రం తెలుస్తుంది.

రెండో మెట్టు అదే రోజుది. విశాఖపట్నంలో తెల్లవారి ఐదున్నరకూ, సాయంత్రం ఐదున్నరకూ ఒక బెలూన్ పైకి లేస్తుంది. దానికి వేలాడే చిన్న పెట్టె ఎత్తు పెరిగేకొద్దీ వేడి, తేమ, గాలి వేగం కొలుస్తూ కిందికి కబురు పంపుతుంది. కింద తేమ, పైన చలి ఎంత తేడాతో ఉన్నాయో చూసి, సాయంత్రానికి మేఘం పొంగే శక్తి గాలిలో ఎంత దాగుందో అంచనా వేస్తారు. పైనుంచి ఇన్‌శాట్ ఉపగ్రహాలు కాపలా కాస్తుంటాయి. వాటిలో కొత్తది ఇన్‌శాట్-3డీఎస్. 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది.

మూడో మెట్టు గంటలది, నిమిషాలది. ఇక్కడ రాజు రాడార్. ఆమదాలవలస స్టేషన్‌లో నిలబడి చూడండి. రైలు దగ్గరకొస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. ఆ తేడాను బట్టి కళ్ళు మూసుకుని కూడా రైలు వస్తోందో పోతోందో చెప్పవచ్చు. డాప్లర్ రాడార్ చేసే పని అదే. అది పంపిన తరంగం వానచినుకులకు తగిలి వెనక్కి వచ్చేటప్పుడు వచ్చే తేడాను బట్టి మేఘంలో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చెబుతుంది. మన జిల్లాలకు విశాఖ కైలాసగిరి మీది రాడార్, అవతల ఒడిశాలో గోపాల్‌పూర్ రాడార్ రెండు వైపులా కాపలా. ఇచ్ఛాపురానికి గోపాల్‌పూరే దగ్గర. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కైలాసగిరి రాడారే దెబ్బతిన్నదంటే ఆ కాపలా ఎంత కష్టమైనదో అర్థం చేసుకోవచ్చు. రాడార్ చూపు తిన్నగా పోతుంది, నేల గుండ్రంగా వంగిపోతుంది. కాబట్టి దూరం పెరిగేకొద్దీ మేఘం అడుగు భాగం కనబడదు. కొండల చాటు సరేసరి.

చివరి కన్ను పిడుగు సెన్సర్లు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ దేశమంతటా నెలకొల్పిన జాలం మెరుపు నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకుని అది ఎక్కడ మెరిసిందో తేలుస్తుంది. ఇందులో ఒక కిటుకు ఉంది. నేల మీద పిడుగు పడకముందు మేఘం లోపల్లోపల మెరుపులు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ పెరుగుదలను పట్టుకుంటే, మేఘం నెత్తి మీదికి వచ్చేలోగా అరగంట, ముప్పావుగంట చేతిలో ఉంటుంది. అదే సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ మనం ఉన్న చోటుకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది.

సుడిగాలా, టోర్నడోనా?

మన ఊళ్ళలో పెద్దగాలి ఏదొచ్చినా సుడిగాలే అంటాం. ఎండలో దుమ్ము లేపుతూ తిరిగేదీ సుడిగాలే, రేకుల కప్పు ఎగరగొట్టేదీ సుడిగాలే. వీటి మధ్య తేడా తెలిస్తే భయం ఎంత పడాలో తెలుస్తుంది. వేసవి గాలివానలో అరటి, మామిడి తోటలను పడుకోబెట్టేది ఎక్కువగా మేఘం నుంచి కిందికి దూకే గాలి. వానతో చల్లబడి బరువెక్కిన గాలి నేలకు కొట్టుకుని నలుదిక్కులా చిమ్ముతుంది. ఒక చోట చెట్లన్నీ ఒకే వైపు వాలి ఉంటే అది దాని గుర్తు.

టోర్నడో వేరు. కింద దక్షిణపు గాలి, పైన బలమైన పడమటి గాలి దిశ మార్చుకుంటూ వీచినప్పుడు పైకి లేచే గాలి మొత్తం గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. అలాంటి అమరిక బంగాళాఖాతం ఉత్తరపు కొసన ఎక్కువ. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియాల మీద పడిన టోర్నడో సుమారు 1,300 మందిని బలిగొంది. ప్రపంచంలో అంతకు మించి ప్రాణాలు తీసిన టోర్నడో లేదు. 1998 మార్చిలో ఒడిశా, బెంగాల్ సరిహద్దు, 2024 మార్చి 31న జల్పాయిగుడి కూడా ఆ దెబ్బ తిన్నాయి. దక్షిణానికి వచ్చేకొద్దీ ఆ ముప్పు తగ్గుతుంది. తగ్గడమే గానీ పూర్తిగా లేకపోలేదు. అది టోర్నడోయో, మేఘం నుంచి దూకిన గాలో గానీ, 2024 ఆగస్టు 31న తెలంగాణలో ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గంటల వ్యవధిలో సుమారు 50 వేల చెట్లు నేలకొరిగాయి. అడవి కాబట్టి సరిపోయింది. అక్కడ ఊరుంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె జారుతుంది.

దాటేది ఒకచోట, ముంచేది ఇంకోచోట

ఆ తాడ్వాయి గాలి వీచిన రోజుకు మన జిల్లాతో ఒక సంబంధం ఉంది. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం అదే రాత్రి, సెప్టెంబర్ 1 తెల్లవారకుండా, కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కళింగపట్నం పేరు వినగానే రాష్ట్రమంతా శ్రీకాకుళం వైపు చూసింది. మునిగింది విజయవాడ. బుడమేరు ఊరి మీద పడింది. ఖమ్మంలో మున్నేరు పొంగింది.

తీరం దాటే చోటు వాయుగుండం కేంద్రం మాత్రమే. వాన మోసుకొచ్చే మేఘాలు వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. వర్షాకాలంలో వాటి బరువంతా సాధారణంగా కేంద్రానికి నైరుతిన ఉంటుంది. 2021 సెప్టెంబర్ 26 సాయంత్రం గులాబ్ తుపాను కూడా కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. విశాఖ వీధులు ఏరులయ్యాయి. కాబట్టి “తీరం దాటేది మా ఊళ్ళో కాదులే” అన్న నిశ్చింత ఎవరికీ పనికిరాదు. చూడాల్సింది వాన లెక్క. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా 24 గంటల్లో సుమారు 7 సెంటీమీటర్లు మొదలుకొని 11 దాకా కురిస్తే భారీ వర్షం. 12 నుంచి 20 అయితే అతి భారీ. అంతకు మించితే అత్యంత భారీ. పసుపు రంగు హెచ్చరిక కనిపెట్టి ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే కదలమని.

మన నదులకు ఇంకో గుణం ఉంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దగ్గర సముద్రంలో కలుస్తాయి. శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగానే రాయగడ కొండల్లో కురిసిన వాన తోటపల్లి మీదుగానో గొట్టా బ్యారేజీ మీదుగానో మన గుమ్మంలోకి రావచ్చు. ఏటి ఇసుకలో పనిచేసేవాళ్ళు, అవతలి గట్టుకు పశువులను తోలేవాళ్ళు తమ ఊరి మబ్బును చూసి వరదను అంచనా వేస్తే మోసపోతారు. పై జిల్లాల వాన కబురు కూడా వాళ్ళకు అందాలి.

తుపాను నేర్పింది, పిడుగుకు నేర్చుకోవాలి

1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు మింగింది. అప్పటి నుంచి మనం చాలా నేర్చుకున్నాం. తీరమంతటా తుపాను షెల్టర్లు, వేలమందిని గంటల్లో తరలించే యంత్రాంగం అలా పుట్టుకొచ్చినవే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూకటివేళ్ళతో పెకలించింది. ఒక తరం పెంచిన చెట్లు ఒక్క పూటలో పోయాయి. ఆ దుఃఖం ఉద్దానానికి ఇంకా తీరలేదు. అయినా దివిసీమ నాటి చావులు మళ్ళీ చూడలేదంటే కారణం ఆ ఏర్పాట్లే.

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా అని మన సామెత అడుగుతుంది. తుపానుకు పనికొచ్చిన మంత్రం పిడుగుకు పనికిరాదు. తుపానుకు రెండు మూడు రోజుల వ్యవధి, ఊరవతల షెల్టర్, ఆర్టీసీ బస్సు. పిడుగుకు అరగంట, రెండు వందల గజాల్లో పక్కా ఇల్లు, పని ఆపమని చెప్పే గొంతు.

ఆ అరగంట ఎక్కడ వృథా అవుతోందో చూడండి. మెసేజ్ వస్తుంది. ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంటుంది, లేదా కొడుకు జేబులో ఉంటుంది. చేతిలో ఉన్నా, అత్త దగ్గర ఉన్నది బటన్ల ఫోను. యాప్ దానిలో పనిచేయదు. మెసేజ్ చదివినా, హెచ్చరిక మండలం మొత్తానికి. నిన్న వచ్చింది, పడలేదు. మొన్న వచ్చింది, పడలేదు. “నాన్నా పులి” కథలా మూడోసారి ఎవరూ తలెత్తరు. చివరికి తలెత్తినా, తోట నడిమధ్య తలదాచుకోవడానికి కనిపించేది ఒక్క చెట్టే. అది అన్నిటికంటే ప్రమాదమైన చోటు.

ఈ నాలుగు గండ్లకూ మందు మన చేతిలోనే ఉంది. గ్రామ సచివాలయం మీద, గుడి మీద, మసీదు మీద, చర్చి మీద మైకులున్నాయి. హెచ్చరిక అందగానే మన యాసలో, మన గొంతుతో “మబ్బు మన కొండ దాటింది, తోటలోలంతా ఇల్లకొచ్చీండి” అని పిలిస్తే ఫోను లేకపోయినా వినబడుతుంది. మండలం పేరుతో వచ్చే కబురు పంచాయతీ పేరుతో రావాలి. జీడితోటల్లో, గొర్రెల మేతల్లో, ఉపాధి పనుల చోట పిడుగు నిరోధక కడ్డీతో చిన్న పక్కా గదులు కట్టాలి. తుపాను షెల్టర్‌తో పోలిస్తే వాటికయ్యే ఖర్చు ఏపాటి? పల్లె బడి కప్పు మీద ఒక రాగి కడ్డీ, భూమిలోకి ఒక తీగ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పొలం పని పొద్దుటి పూటకు జరుపుకోవాలి. వేసవి ఉపాధి పనులను పొద్దున్నే ముగించడం మనకు అలవాటే. వడదెబ్బ కోసం నేర్చిన ఆ పద్ధతి పిడుగుకూ పనికొస్తుంది. చేపల వేట విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండడం వల్ల పిడుగుల కాలంలో మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. తెప్పల మీద వెళ్ళేవాళ్ళకు మాత్రం ఒడ్డు నుంచే కబురు అందే ఏర్పాటు కావాలి.

ఉరుము వినబడితే

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడే దాకా అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పైలోపే వినబడితే మేఘం పది కిలోమీటర్లలో ఉంది, మీరు దాని పరిధిలో ఉన్నారు. వెంటనే పక్కా ఇంట్లోకో, తలుపులు బిగించిన కారులోకో, బస్సులోకో వెళ్ళండి. చివరి ఉరుము విన్నాక మరో అరగంట బయటికి రాకండి.

చెట్టు కింద, తాటిచెట్టు పక్కన, కరెంటు స్తంభం దగ్గర, చెరువులో, ట్రాక్టర్ మీద ఉండకండి. పిడుగు నేరుగా మీద పడి చనిపోయేవారు తక్కువ. చెట్టు మీద పడి పక్కకు దూకినదీ, నేలలో పాకినదీ ఎక్కువ మందిని తీసుకుపోతాయి. పశువులు మందగా పోవడానికీ అదే కారణం. దారిలేక మైదానంలో చిక్కుకుంటే పాదాలు దగ్గరగా పెట్టి, తల వంచి గొంతుకూర్చోండి. పడుకోకండి. నలుగురు ఉంటే దూరం దూరంగా ఉండండి.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. ముట్టుకుంటే మనకేమీ కాదు. ఊపిరి, గుండె ఆగితే ఆలస్యం చేయకుండా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయండి. పేడలో పూడ్చడం, ఇసుకలో కప్పడం ప్రాణాన్ని వెనక్కి తేవు. బతికే అవకాశం ఉన్న ఆ కొద్ది నిమిషాలూ వాటితోనే కరిగిపోతాయి. విపత్తుల నిర్వహణ సంస్థ సహాయ నంబర్లు 1070, 112.

శాస్త్రం తన వంతు అరగంటను మనకు సంపాదించి పెట్టింది. దాన్ని తోట దాకా మోసుకెళ్ళాల్సింది మనం. ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దామిని వేసుకోండి. మీ వీధిలో ఫోను లేకుండా పొలానికి వెళ్ళే ముగ్గురి పేర్లు గుర్తుపెట్టుకోండి. మబ్బు ఎక్కిన రోజు ఆ ముగ్గురినీ మీరే వెళ్ళి పిలవండి. ఆ చెట్టు కింద పిక్కలు రేపు కూడా ఉంటాయి.